పెరీ మేసన్‌ను పుట్టించిన ప్లీడరు

మాది ఐ.పోలవరం. కొబ్బరితోట గట్టు విషయమై మా తాతయ్యగారికి చాలా ఏళ్లు దావా నడిచింది. వాయిదా రోజున పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని అరుగుమీద కూర్చుని కోర్టు సంగతులు చెప్పేవారు. ఎప్పుడూ అదే కోర్టు, అదే ప్లీడరుగారు, అదే చెట్టుకింద పడిగాపులు. అయినా చెప్పిన కథ మళ్లీ చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఆ రోజు ఆ చెట్టుకింద ఆయన పక్కన కూర్చున్న మనిషి గొడవేదో, అదే ఆ రోజు కథ.

ఇదంతా ఎందుకంటే, నిరుడు హాస్టల్లో నేను ఒక లాయరును హీరోగా పెట్టి మూడు కథలు రాశాను. మొదటిది అందరూ చదివారు. రెండోది కొందరు చదివారు. మూడోదానికి నా రూమ్మేటు రెండో పేజీలోనే హంతకుడెవరో చెప్పేసి కాగితాలు నా చేతిలో పెట్టాడు. ఆ ఉక్రోషంతోనే, ఒకే లాయరు మీద ఎనభైకి పైగా నవలలు రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ జీవితం వెతికి చదివాను.

గార్డ్‌నర్ 1889 జూలై 17న అమెరికాలో మాసచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్‌లో పుట్టాడు. తండ్రి గనుల ఇంజనీరు. కుటుంబం పడమటి తీరానికి వలసపోయింది. లా కాలేజీలో చేరాడు గాని, బాక్సింగు పిచ్చి వల్ల కొద్ది వారాలకే బయటికి రావలసివచ్చింది. అయినా లా వదల్లేదు. ప్లీడర్ల ఆఫీసుల్లో పనిచేస్తూ సొంతంగా చదువుకుని 1911లో కాలిఫోర్నియాలో ప్లీడరయ్యాడు.

ఆక్స్‌నార్డ్ అనే చిన్న ఊళ్లో ఆయన దగ్గరికి వచ్చిన కక్షిదారుల్లో చాలామంది చైనా వాళ్లు. వాళ్ల తరఫున నిలబడేందుకు ఊళ్లో పెద్దగా ఎవరూ ముందుకు రాని రోజులవి. ఒకసారి లాటరీ టిక్కెట్ల నేరం మీద వాళ్లను పట్టుకోబోతున్నారని ముందే తెలిసి, దుకాణదారులను ఒకరి కొట్లో ఒకరిని కూర్చోబెట్టాడట. పోలీసులు కొట్టును చూసి మనిషి పేరు రాసుకున్నారు. తీరా విచారణకొచ్చేసరికి ఆ పేరు గలవాడు వేరు, పట్టుబడ్డవాడు వేరు. కేసులు వీగిపోయాయి. నేను చూశాను, గుర్తుపట్టాను అనే సాక్షి మాటను నమ్మేముందు తరచి చూడాలన్న పాఠం తర్వాత మేసన్ కథల్లో ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్కలేదు.

పగలు కోర్టు, రాత్రి టైపు మిషను. మొదట్లో కథలు తిరుగుటపాలో వచ్చేసేవి. 1923లో ‘బ్లాక్ మాస్క్’ పత్రిక ఆయన కథ వేసుకుంది. మాటకింత అని లెక్కగట్టి డబ్బిచ్చే పత్రికలవి. కథలు కరువు కాకుండా అట్టతో చక్రాలు చేసుకున్నాడు. తిప్పితే ఒక చిక్కు, ఒక శత్రువు, ఒక అడ్డంకి వచ్చి ఆగేవి. ఇది చదివి నేనూ ఒక చక్రం చేసుకున్నాను. అట్ట అరిగిందే గాని కథ పుట్టలేదు!

1933లో ‘ది కేస్ ఆఫ్ ది వెల్వెట్ క్లాస్’ వచ్చింది. పెరీ మేసన్ మొదటి నవల అదే. ఆ లాయరునే పెట్టి వరసగా రాయమని సలహా ఇచ్చినవాడు విలియమ్ మారో సంస్థ అధిపతి థేయర్ హాబ్సన్. మేసన్, సెక్రటరీ డెల్లా స్ట్రీట్, డిటెక్టివ్ పాల్ డ్రేక్, 1935 నుంచి ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్: వీళ్లు మారరు. మన కొమ్మూరి సాంబశివరావుగారి నవలల్లో యుగంధర్, రాజు ఉన్నట్టే.

మారేది కక్షిదారుడి కష్టం, దాంతోపాటు చట్టంలోని మెలిక. 1934 నవల ఒకదాంట్లో పక్కింటి కుక్క ఏడుస్తోందని ఒకాయన ప్లీడరు దగ్గరికొస్తాడు. అదే ఏడాది ఇంకోదాంట్లో, పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా లేదా అన్నదాన్ని బట్టే భర్త భార్యమీద సాక్ష్యం చెప్పవచ్చా అన్నది తేలుతుంది. 1935లో ఒక ముసలి కాపలాదారు పిల్లి వీలునామా తగాదాలో చిక్కుకుంటుంది. 1939లో ఒక చిలక సాక్ష్యం. అక్కడ వాదం నడిచేది మామూలు కోర్టులో కాదు, కారొనర్ జరిపే శవపంచాయతీలో. మేసన్ ఎప్పుడూ గెలుస్తాడులే అని పాఠకుడు కాలుచాచి కూర్చున్న రోజుల్లో, 1956లో ‘ది కేస్ ఆఫ్ ది టెర్రిఫైడ్ టైపిస్ట్’లో జ్యూరీ చేత మేసన్ కక్షిదారుణ్ణి దోషి అనిపించాడు! ఆ చిక్కు ఎలా విడుతుందో నేను చెప్పను. మేసన్‌తో విసుగొస్తే ఎ.ఎ.ఫెయిర్ అనే మారుపేరుతో సన్నదు పోయిన ఒక ప్లీడరు కథలు రాసేవాడు.

అన్నీ గొప్ప నవలలని నేననను. మనుషుల మనసుల్లోకి ఆయన లోతుగా దిగడు. కొన్ని నవలలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. కాని కష్టంలో ఉన్న మనిషి తలుపు తట్టగానే ఆయన కలానికి ప్రాణం వస్తుంది. ఆ కష్టం ఆయనకు వట్టి కథావస్తువు కాదు. లిండ్లీ అనే కూలివాడికి మరణశిక్ష పడితే, కేసు రికార్డు తెప్పించుకుని, సాక్షులు చెప్పిన వేళలన్నీ నిమిషాల లెక్కన పట్టికవేసి, ఆ నేరం అతను చేసి ఉండడని చూపించాడు. ఆ శిక్ష తప్పింది. 1948లో ‘ఆర్గొసీ’ పత్రిక ద్వారా, అన్యాయంగా జైల్లో పడ్డవాళ్ల కేసులు తిరగదోడే ‘కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ను నిలబెట్టాడు. నవలలు రాసి సంపాదించుకోవలసిన కాలాన్ని ఏళ్ల తరబడి దానికి పోశాడు.

1970 మార్చి 11న కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో తన పశుక్షేత్రంలో కన్నుమూశాడు. ఆ తర్వాత కూడా రెండు మేసన్ నవలలు అచ్చయ్యాయి.

మా తాతయ్యగారు తీర్పు చూడకుండానే పోయారు. ఇప్పుడు వాయిదాలకు మా నాన్నగారు వెళుతున్నారు. మొన్న సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక వాయిదాకు నేనూ ఆయన వెంట వెళ్లాను. చెట్టుకింద నా పక్కన ఒక ముసలామె చీరకొంగులో ఏవో కాగితాలు మూటకట్టుకుని కూర్చుంది. ఏమిటమ్మా అని అడిగాను. మధ్యాహ్నం దాకా చెప్పింది.

నాలుగో కథ మొదలుపెట్టాను. ఈసారి హంతకుడు లేడు. రూమ్మేటుకు ఇంకా చూపించలేదు.