చిన్న ఇంజిన్ కల కన్న డీజిల్

కారు కొనేటప్పుడు మన తణుకులో ఎవరైనా ముందు అడిగేది రెండే: సీసీ ఎంత, మైలేజీ ఎంత? సీసీ తగ్గితే ఆయిల్ ఖర్చు తగ్గుతుందని నమ్మకం. అది ఎంతవరకు నిజమో రుడాల్ఫ్ డీజిల్ జీవితంలో కనిపిస్తుంది. బంకులో రోజూ వినే పేరు ఈయనదే.

1858లో ప్యారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చేసరికి కుటుంబం లండన్ వెళ్లిపోయింది. పన్నెండేళ్ల కుర్రాణ్ణి చదువు కోసం జర్మనీలో బంధువుల ఇంటికి పంపేశారు. మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చేశాడు. ఫైనల్ పరీక్షలప్పుడు టైఫాయిడ్ వచ్చి ఆగిపోయినా, 1880లో టాప్ మార్కులతో పాసయ్యాడు.

అప్పట్లో ఆవిరి యంత్రాలు చాలావరకు బొగ్గు వేడిలో పదోవంతునే పనిగా మార్చేవి. పైగా అవి పెద్ద ఫ్యాక్టరీలకే అందేవి. చేతిపనివాళ్లు కూడా పెట్టుకోగలిగే చిన్న, పొదుపైన ఇంజిన్ చేస్తే వాళ్లు ఫ్యాక్టరీల పోటీకి నిలబడతారని డీజిల్ ఆశ. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది కదా, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా డిజైన్ చేశాడు.

1893లో మొదటి టెస్టులోనే పేలుడు జరిగింది. ఆయన వదల్లేదు. 1897లో 20 హార్స్‌పవర్ ఇంజిన్‌ని పరీక్షిస్తే ఇంధనంలో 26 శాతం శక్తి పనిగా మారింది. అంటే ఆవిరి యంత్రం కంటే రెండింతల పైనే. కానీ దాని ఎత్తు సుమారు 3 మీటర్లు! చిన్న షాపులో ఎక్కడ పెడతారు?

ఇక్కడ ఫిజిక్స్ కూడా ఆయనకి ఎదురు తిరిగింది. సిలిండర్ కొలతలన్నీ రెట్టింపు చేస్తే లోపలి చోటు 8 రెట్లవుతుంది, గోడల వైశాల్యం మాత్రం 4 రెట్లే. వేడి పోయేది గోడల్లోంచే కాబట్టి పెద్ద సిలిండర్‌లో వృథా తక్కువ. 1912కే డీజిల్ ఇంజిన్లతో సెలాండియా అనే ఓడ సముద్రం దాటింది. ఇప్పటి పెద్ద ఓడల ఇంజిన్లు ఇంధనంలో దాదాపు సగాన్ని పనిగా మారుస్తున్నాయి. మన కార్లు అంత దూరం రాలేదు.

మరి చిన్న కారుకి మైలేజీ ఎందుకొస్తుంది? పెద్ద పెట్రోల్ ఇంజిన్ ఊళ్లో మెల్లగా వెళ్లేటప్పుడు గాలి దారి దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ ఇరుకులోంచి గాలి లాగడానికీ, లోపలి రాపిడికీ బోలెడు శక్తి పోతుంది. చిన్న ఇంజిన్‌కి అదే పని సరిపడా బరువు, వృథా తగ్గుతుంది. కారు బరువు కూడా తక్కువే. అదే ఇంజిన్‌తో ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, హైవే మీద యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఆ లాభం కరిగిపోతుంది. సీసీ ఒక్కటే చూస్తే సరిపోదు, ఇంజిన్ మీద పడే పని కూడా చూడాలి.

డీజిల్‌కి పేరొచ్చింది, డబ్బూ వచ్చింది, తర్వాత అప్పులూ వచ్చాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్లే ఓడలోంచి మాయమయ్యాడు. కొన్ని రోజులకి సముద్రంలో శవం కనిపించింది. వయసు 55. చిన్న పనివాడి కోసం మొదలుపెట్టిన ఇంజిన్ అప్పటికే పెద్ద ఓడలెక్కేసింది. పొలాల్లో చిన్న డీజిల్ పంపుసెట్లు తిరిగే రోజుని మాత్రం ఆయన చూడలేకపోయాడు.