శాండో బనియన్ వెనకాల మనిషి

మన హాస్టల్ టెర్రస్ మీద ఆరేసిన బట్టల్లో సగం శాండో బనియన్లే. షాపుకి వెళ్లి శాండో అంటే చాలు, చేతుల్లేని బనియన్ తీసి ఇస్తాడు. అది ఒక మనిషి పేరని నాకు ఈ సెమిస్టర్ దాకా తెలీదు. తెలియడానికి కారణం నా కుడి భుజం.

జిమ్‌లో చేరిన రెండో రోజే, పక్కనున్న ఫైనలియర్ అన్న ఎత్తిన బరువు నేనూ ఎత్తాలనుకున్నా. బెంచ్ ప్రెస్ బార్ కిందికైతే వచ్చింది, పైకి వెళ్లలేదు. అన్నే వచ్చి తీశాడు. మూడు వారాలు చెయ్యి పైకి లేవలేదు, ల్యాబ్ రికార్డు రూమ్మేట్ రాసిపెట్టాడు. ఖాళీగా కూర్చున్న ఆ రోజుల్లో చదివిన జీవితం ఇది. కోడి రామమూర్తి నాయుడుగారి గురించి రాయొచ్చు కదా అని శ్రీకాకుళం బ్యాచ్ నన్ను తిడతారని తెలుసు. ఆయనకి విడిగా ఒక వ్యాసం బాకీ.

యూజెన్ శాండో అసలు పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. (గ్రాఫ్ థియరీలో ఏడు వంతెనల లెక్క చదివాం కదా, ఆ ఊరే.) సైన్యంలో చేరడం తప్పనిసరైన రోజులవి. అది తప్పించుకుని ఊరు వదిలేశాడు, పేరు మార్చుకున్నాడు, సర్కస్‌ల వెంట తిరిగాడు. బ్రస్సెల్స్‌లో అటిలా అనే గురువు దొరికాడు. బాగా బరువైన ఇనుముతో, ఒక క్రమం ప్రకారం సాధన చేయించింది ఆయనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1889లో లండన్‌లో శాంసన్ అనే బలశాలి ప్రదర్శనలిస్తూ, తనని ఓడించినవాడికి డబ్బిస్తానని సవాలు విసిరేవాడు. శాండో స్టేజీ ఎక్కి ఓడించాడు. ఒక్క రాత్రిలో లండనంతా అతని పేరే. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సమయానికి అమెరికా చేరాడు. అక్కడ జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర మేనేజర్ ఒక విషయం కనిపెట్టాడు. జనం ఇతను ఎత్తే బరువుల కంటే ఇతని ఒంటినే ఎక్కువ చూస్తున్నారు. అంతే, షో స్వరూపం మారిపోయింది. పాలరాతి విగ్రహంలా కనిపించడానికి ఒళ్లంతా తెల్లపొడి పూసుకుని, గ్రీకు శిల్పాల భంగిమల్లో నిలబడేవాడు. 1894లో ఎడిసన్ స్టూడియోలో కెమెరా ముందు కండలు చూపించాడు. ఆ చిన్న ఫిల్మ్ ఇప్పటికీ ఉంది, యూట్యూబ్‌లో చూడొచ్చు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో సింహంతో కుస్తీ అని టికెట్లు అమ్మారు. తీరా చూస్తే సింహం మూతికి చిక్కం, పంజాలకి తొడుగులు. పాపం అది పోట్లాడే మూడ్‌లోనే లేదు. జనానికి ఒళ్లు మండింది.

ఇంతవరకైతే ఒక షోమాన్ కథే. నాకు నచ్చింది తర్వాతి భాగం.

1897లో లండన్‌లో వ్యాయామ సంస్థ తెరిచాడు. అప్పటిదాకా బలం అంటే సర్కస్‌లో చూసి చప్పట్లు కొట్టే విషయం. గుమాస్తాలు, స్కూలు మాస్టర్లు, కుర్చీలో కూర్చుని పనిచేసే మామూలు మనుషులు కూడా రోజూ కాసేపు సాధన చేయొచ్చని వాళ్లని నమ్మించాడు. పుస్తకాలు రాశాడు, 1898లో పత్రిక పెట్టాడు. కొత్తవాళ్లకి అతను ఇచ్చిన డంబెల్స్ బరువెంతో తెలుసా? మహా అయితే రెండున్నర కేజీలు. మన జిమ్‌లో మూలన దుమ్ము పట్టి ఉంటాయే, ఎవరైనా చూస్తారేమోనని మనం ముట్టుకోం, అవే. వయసును బట్టి ఎన్నిసార్లు ఎత్తాలి, కొన్ని రోజులకోసారి ఎంత పెంచాలి అని పట్టికలు వేసిచ్చాడు. టేపుతో కొలతలు తీసి రాసుకోమన్నాడు. అద్దం ముందు నిలబడి, ఏ కండ పనిచేస్తోందో దాని మీదే మనసు పెట్టమన్నాడు. స్నాప్‌చాట్ కోసం కాదు, అద్దం వాడకం అదీ. మనసు పక్కకి పోకుండా ఒక పరికరం కూడా అమ్మాడు. డంబెల్‌ని నిలువునా రెండు ముక్కలు చేసి మధ్యలో స్ప్రింగులు పెట్టాడు. ఎత్తినంతసేపూ ఆ రెండు ముక్కలూ కలిసేలా పిడికిలి బిగించి ఉంచాలి. పట్టు వదిలితే వెంటనే తెలిసిపోతుంది. బలం పెరిగేకొద్దీ స్ప్రింగులు కలుపుకుంటూ పోవడమే. మెకానికల్ వాళ్లు మెచ్చుకోవాల్సిన డిజైన్ ఇది.

అయితే ఒక తిరకాసుంది. శాండో ఒళ్లు ఆ చిన్న డంబెల్స్‌తో వచ్చింది కాదు. అటిలా దగ్గర ఎత్తిన పెద్ద బరువులతో, ఏళ్ల తరబడి సర్కస్ పనితో వచ్చింది. ప్రకటనల్లో మాత్రం ఇవి కొంటే నాలా అవుతారన్నట్టే ఉండేది. చిన్నప్పుడు బలహీనుణ్ణనీ, ఇటలీలో విగ్రహాలు చూసి మారిపోయాననీ చెప్పుకున్న కథని కూడా నేను పూర్తిగా నమ్మను. ఇవాళ ప్రోటీన్ డబ్బా పట్టుకుని రీల్ చేసేవాళ్లకి తాత ఇతనే. మరి మోసగాడా? నేనలా అనను. మొదలుపెట్టేవాడికి తేలికపాటి బరువే ఇవ్వడం సరైన సలహా. అక్కడితో ఆగితే తనంత అవుతారని ఆశపెట్టడమే తప్పు. నేను చేసింది దానికి సరిగ్గా తలకిందులు. అన్న ఏళ్ల తరబడి ఎక్కిన మెట్లు చూడకుండా చివరి మెట్టు మీదికి దూకా.

1901 సెప్టెంబర్ 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో తన శిష్యులకి పెద్ద పోటీ పెట్టాడు. జడ్జీల్లో శాండోతో పాటు ఒక శిల్పి, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్ ఉన్నారు. పెద్ద కండలున్నవాడికి బహుమతి అని కాకుండా, ఒళ్లంతా సమంగా పెరిగిందా, చర్మం ఆరోగ్యంగా ఉందా అనేవి కూడా చూశారు. చేతులు మాత్రం పెంచి కాళ్లు వదిలేసే మన బ్యాచ్‌లో ఒక్కడూ ఆ హాల్లో గెలిచేవాడు కాదు. గెలిచినవాడికిచ్చిన శాండో బొమ్మకి వారసత్వంగానే 1977 నుంచి మిస్టర్ ఒలింపియా విజేతలకి శాండో విగ్రహం ఇస్తున్నారు.

1905 ప్రాంతంలో మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చాడు. బనియన్‌కి ఆ పేరు మిగిలిపోయింది. 1911లో ఐదో జార్జికి వ్యాయామ శిక్షకుడిగా నియమించారు. ఆ తర్వాత అంతా దిగుడే. ఆరోగ్యానికి మంచిదంటూ మొదలుపెట్టిన కోకో వ్యాపారం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మూతపడింది. అప్పటికే బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నా, పుట్టింది మాత్రం జర్మన్‌గా కదా. 1925 అక్టోబర్ 14న చనిపోయాడు, వయసు 58. గోతిలో పడ్డ కారుని ఒంటిచేత్తో లేపబోయి పోయాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అదీ ప్రకటనలాగే అనిపిస్తుంది నాకు. లండన్ పట్నీ వేల్ శ్మశానంలో పాతిపెట్టి, పేరు రాసిన రాయి కూడా పెట్టలేదు. భార్య వద్దందంటారు. ప్రపంచంలో ఎక్కువ మంది చూసిన ఒళ్లు అది, దశాబ్దాల పాటు ఎక్కడుందో గుర్తు లేదు. ఈ శతాబ్దంలోనే అక్కడ పేరుతో రాయి నిలబెట్టారు.

భుజం తగ్గింది. మూలనున్న చిన్న డంబెల్స్ దుమ్ము దులిపి మళ్లీ మొదలుపెట్టా. నోట్‌బుక్ చివరి పేజీల్లో కొలతలు రాసుకుంటున్నా. నాలుగు వారాలకి తేడా అర సెంటీమీటర్, అదీ టేపు సరిగ్గా పట్టుకుంటే. రికార్డు రాసిపెట్టినందుకు రూమ్మేట్‌కి మాత్రం ఇంకా రెండు బిర్యానీలు బాకీ ఉన్నా.