కూలిబిడ్డ జన్మభూమి

నిజామాబాదు మండలమున మోర్తాడ్ చుట్టుపట్ల గ్రామములనుండి బ్రతుకుదెరువునకై గల్ఫు దేశములకు పోయినవారు పెక్కుమంది. అంతకుమున్ను బొంబాయి, భీవండి దారి పట్టినవారును గలరు. భూమి గలవాని వంశము పట్టాలలో నిలుచును. కూలివాని వంశ మెచట నిలుచును? ఐర్లండు వీరుడు జేమ్సు కానొలీ చరిత్రము దీనికి కొంత సమాధానము చెప్పుచున్నది.

1845వ సంవత్సరమున ఐర్లండులో ఆలుగడ్డ పంటకు తెగులు సోకెను. పేద కౌలుదారులకు అదియే ముఖ్యాహారము. కొలదియేండ్లలో సుమారు పదిలక్షలమంది క్షామమునకు బలియైరి. అంతకు మించినవారు దేశము విడిచిరి. సమీపముననున్న స్కాట్లండులోని కోతపనులు, గనులు, మిల్లులు అనేకులకు కూలి నిచ్చినవి. అట్లు వలసవచ్చిన ఐరిషు దంపతులకు ఎడింబరో నగరమున, కౌగేటు వీథిలో, 1868 జూను 5వ తేదీన జేమ్సు జన్మించెను. తండ్రి పురపాలక సంఘమువారి పెంటబండి తోలెడివాడు.

బాల్యముననే అచ్చుకూటమునను, రొట్టెల బట్టీలోను పనిచేసి, పదునాలుగవయేట బ్రిటిషు సైన్యమున చేరెనని చరిత్రకారుల నిర్ణయము. పూర్వుల దేశమున ఆతడు పరప్రభుత్వపు సైనికుడై వసించెను. 1896లో మరల డబ్లిను చేరినప్పుడు మాత్రము సామ్యవాద ప్రజారాజ్య పక్షమును స్థాపించెను. 1903 మొదలు 1910 వరకు అమెరికాలో నుండి, తిరిగివచ్చి కార్మికసంఘమును నడిపెను. 1913లో డబ్లిను యజమానులు సంఘమును విడువని వేలకొలది కూలీలను పనినుండి త్రోసివేయగా వారి పక్షమున నిలిచెను. 1916 ఈస్టరు తిరుగుబాటున డబ్లిను సేనలను నడిపి గాయపడెను. నిలువలేని యాతనిని కుర్చీకి కట్టి మే 12వ తేదీన కాల్చి చంపిరి.

జనాభా లెక్కలలో కానొలీ తన జన్మస్థలము ఐర్లండులోని మొనాఘన్ అని తెలిపెను. లోకమును అట్లే నమ్మెను. 1961లో వెలువడిన డెస్మండు గ్రీవ్సు గ్రంథము ఎడింబరో జననపత్రమును బయలుపరచెను. స్కాట్లండులో 1855 నుండి జననములను నమోదు చేయుట నిర్బంధము. అందువలన పెంటబండివాని కుమారుని పేరును, వాని తల్లి పుట్టింటిపేరును నిలిచినవి. కాని ఆనాటి వలసకూలీల స్వగ్రామమునకు బదులు లెక్కలలో పెక్కుచోట్ల ఐర్లండు అను ఒక్క మాటయే యున్నది. మనుమలకు ఊరు దొరకక పోవుట కిదియే హేతువు.

జననపత్రమువలన కానొలీ దేశభక్తికి కొరత రాలేదు. వలసకూలి వాడలోని యాతని బాల్యము మాత్రము వెలుగునకు వచ్చినది.

1913 నుండి డబ్లినులో న్యాయశాస్త్రము చదివిన మన వి.వి. గిరిగారు ఆ స్వాతంత్ర్యోద్యమముచే ప్రభావితులై, 1916లో ఐర్లండు విడువవలసివచ్చి, స్వదేశమున రైల్వే కార్మికనాయకులైరి, 1969లో రాష్ట్రపతియైరి.

మన పల్లెలు విడిచిపోయినవారి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, పోయిన యేడు ఒక పుస్తకమున వ్రాసియుంచుట పెద్ద కార్యము గాదు. గ్రామమునందలి భూస్వాములును విద్యావంతులును ఈ పనికి పూనుకొనవలెను. వారి సంతతివా రొకనాడు ఊరు వెదకికొనుచు వచ్చినపుడు చూపుటకు ఒక్క పుటయైన నుండవలదా?