తలుపు ఎవరు తీస్తారు? - అయ్యంకి వెంకటరమణయ్య గారి జీవితం

మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు నెలలుగా ఒకటే చర్చ. మా తాతల కాలంలో ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న గ్రంథాలయం పైకప్పు కారుతోంది. దాన్ని బాగుచేయించాలా, పడగొట్టి ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కట్టాలా అన్నది ప్రశ్న. డబ్బు పోగుచేయాల్సింది దోహా, కువైట్, మస్కట్‌లలో ఉన్న మేమే కాబట్టి మా మాటే చెల్లుతుందని అందరికీ తెలుసు. ఎక్కువమంది హాలు వైపే ఉన్నారు. వాళ్ల వాదన కొట్టిపారేసేదేమీ కాదు. పేపరు ఫోన్లో వస్తోంది, పుస్తకాలు ఫోన్లో ఉన్నాయి, పరీక్షల మెటీరియల్ కూడా ఫోన్లోనే దొరుకుతోంది. అలాంటప్పుడు చెదలు పట్టిన నాలుగు బీరువాలకి ఓ ఇల్లెందుకు అంటున్నారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ శనివారం మా అమ్మాయిని తీసుకుని మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి ఖతర్ నేషనల్ లైబ్రరీకి వెళ్లాను. స్టేషన్ పేరు కూడా అదే. దోహాలో ఉన్నవాళ్లకి ఆ భవనం గురించి చెప్పక్కర్లేదు. మిగతా దేశాలవాళ్ల కోసం చెప్తాను. డచ్ ఆర్కిటెక్ట్ రెమ్ కూల్‌హాస్ గీసిన కట్టడం, 2018 ఏప్రిల్‌లో లాంఛనంగా ప్రారంభమైంది. లోపలికి అడుగుపెడితే గదులు కనబడవు. మన మెరక పొలాల గట్లలాగా మెట్లుమెట్లుగా పైకి లేచిన తెల్లరాతి అరల్లో పుస్తకాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నడిమధ్యలో తవ్వకాల్లో బయటపడ్డ పాత ఊరిలాగా లోతుగా దించి కట్టిన చోట అరబ్బుల చరిత్ర తాలూకు అరుదైన గ్రంథాలు ఉంటాయి. చదివిన పుస్తకాన్ని అక్కడున్న యంత్రంలో పెడితే అది ఏ పుస్తకమో గుర్తుపట్టి, ఏ వైపు వెళ్లాలో వేరుచేసి పంపేస్తుంది. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకి సభ్యత్వం ఉచితం.

ఇదే లైబ్రరీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీతో కలిసి 2014లో ఖతర్ డిజిటల్ లైబ్రరీ తెరిచింది. గల్ఫ్ చరిత్రకి సంబంధించిన ఇండియా ఆఫీసు ఫైళ్లు అందులో వేల కొద్దీ ఉన్నాయి. ఈ తీరం వ్యవహారాలు ఒకప్పుడు బొంబాయి ప్రభుత్వం చేతిలో ఉండేవి మరి. 1966 దాకా ఇక్కడ చెల్లిన డబ్బు కూడా రూపాయే. ఆ ఫైళ్లు ఇంట్లో కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు.

అంత డిజిటల్ చేసిన దేశమే అంత పెద్ద భవనమూ కట్టింది. ఆ శనివారం కూర్చోవడానికి మాకు కుర్చీ దొరకడానికి పది నిమిషాలు పట్టింది. అక్కడ ఉండగానే మా అమ్మాయి అడిగింది, మనవాళ్లు కూడా ఇలాంటివి కట్టారా నాన్నా అని. నాకు అయ్యంకి వెంకటరమణయ్య గారు గుర్తొచ్చారు. ఇంత భవనం ఆయన కట్టలేదు. ఆయన చేసింది వేరే పని.

అయ్యంకి 1890లో తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. ఆ ఊరి మీదుగా నేను ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను. ఆయన ఊరని మాత్రం చాలాకాలం తెలియదు, సిగ్గుచేటే. ఆయనకి పదహారు పదిహేడేళ్లు ఉన్నప్పుడు, 1907లో, బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పట్టణాల్లో తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ వందేమాతరం గాలి తగిలిన కుర్రాళ్లలో కొందరు చదువు మానేశారు, కొందరు పత్రికలు పెట్టారు. కర్నూలు నుంచి వచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపి, 1908లో రాజద్రోహం కేసులో జైలుకి వెళ్లారు. అయ్యంకిది కూడా మొదట పత్రికల దారే. ఇరవయ్యేళ్ల వయసులో, 1910లో, మచిలీపట్నం నుంచి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రిక తెచ్చారు.

పత్రిక నడిపితే ఒక సంగతి తెలిసివస్తుంది. అచ్చు వేయడం ఒక ఎత్తయితే, అది చదివేవాడి చేతికి చేరడం మరో ఎత్తు. చదువు వచ్చినవాళ్లే తక్కువ, వాళ్లలో పుస్తకం కొనగలిగినవాళ్లు మరీ తక్కువ. ఒక్క ప్రతి కొని వందమంది చదివే ఏర్పాటు ఉంటే తప్ప పుస్తకం పల్లెకి వెళ్లదు. ఆయన మిగిలిన జీవితమంతా ఈ ఏర్పాటు మీదే గడిచింది.

గ్రంథాలయాలు ఆయనతో మొదలవలేదు, ఆ మాట చెప్పాలి. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. ఊరూరా ఎవరో ఒక మేష్టారు, ఒక కరణం, నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక గదిలో పుస్తకాలు పెట్టుకుని నడుపుకొంటున్నారు. అయితే ఒక ఊళ్లో ఏముందో పక్క ఊరికి తెలియదు. పెట్టినవాళ్లు పెళ్లి చేసుకునో ఉద్యోగం వచ్చో వెళ్లిపోతే ఆ గదికి తాళం పడుతుంది. వీటిని ఒక తాటి మీదకి తేవాలన్నది అయ్యంకికి తట్టిన ఆలోచన.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశం నలుమూలల గ్రంథాలయాలు నడిపేవాళ్లు సమావేశమయ్యారు. అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు లేని ఆ మహా రచయిత పుస్తకాలవాళ్ల సభకి అధ్యక్షుడు కావడం నాకెప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం అక్కడే పుట్టింది. దాని వెనుక నడిచిన కాళ్లు అయ్యంకివి. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. సర్కారు ఉత్తర్వు లేదు, రాజుగారి ఖజానా లేదు. బరోడాలో గ్రంథాలయాలు బాగా నడుస్తున్నాయంటే అక్కడ శాయాజీరావు గైక్వాడ్ మహారాజు 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ని పిలిపించి, ఊళ్లకి పుస్తకాల పెట్టెలు పంపే ఏర్పాటు చేశాడు. మన దగ్గర అదే పనికి మనుషులు తప్ప మరేం లేదు.

సంఘం పుట్టిన కొద్దికాలానికే అయ్యంకి గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక మొదలుపెట్టారు. కథలూ పద్యాలూ కాదు దాని ప్రధాన విషయం. గ్రంథాలయం ఎలా నడపాలి, ఏ ఊళ్లో ఏది ఉంది, ఎక్కడ సభ జరిగింది అన్నవి. ఈ రోజుల్లో అయితే మనం గ్రూపు పెట్టుకుంటాం. ఆయన పత్రిక పెట్టారు. ఎక్కడో మూల పల్లెలో ఒంటరిగా తలుపు తీసి కూర్చునే కుర్రాడికి తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఆ పత్రిక వల్ల తెలిసేది.

ఐదేళ్లు తిరక్కుండా ఆయన చూపు ఆంధ్రదేశం దాటింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో ప్రజా గ్రంథాలయాల మహాసభ జరిపించారు. బరోడా గ్రంథాలయాల అధికారి కుడాల్కర్ గారు అధ్యక్షులు. ఇప్పుడు ఇండియాలో ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. నెహ్రూ గారి పుట్టినరోజని ఆ తేదీ పెట్టారని నేను బడిలో ఉన్నంతకాలం అనుకున్నాను. ఆ మద్రాసు సభ గుర్తుగానే ఆ తేదీ.

గ్రంథాలయ శాస్త్రం అనగానే అందరూ చెప్పే పేరు మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన రంగనాథన్ గారిది. ఆయన ఆ గ్రంథాలయంలో చేరింది 1924లో, ఐదు సూత్రాల పుస్తకం వేసింది 1931లో. ఆయన గొప్పతనాన్ని తక్కువ చేయడం కాదు గానీ, గ్రంథాలయం అందరిదీ అన్న మాట తెలుగు పల్లెల్లో అప్పటికే ఆచరణలో ఉంది. రంగనాథన్ గారిది గణితం మేష్టారి బుర్ర, పుస్తకం ఏ అరలో ఉండాలో తేల్చారు. అయ్యంకివారు ఊరూరూ తిరిగే మనిషి, అది ఎవరింటికి వెళ్లాలా అని చూశారు. రెండూ కావాలి. కానీ మన దగ్గర రెండోవాళ్ల పేర్లే ముందు మరుపున పడతాయి.

ఉద్యమం అన్న మాటకి అప్పట్లో అర్థం ఉండేది. గ్రంథాలయ యాత్రలని బయలుదేరి ఊరూరా వెళ్లేవాళ్లు. చదువు రానివాళ్లకి పేపరు చదివి వినిపించేవాళ్లు, రాత్రిబడులు పెట్టేవాళ్లు. జైలు నుంచి వచ్చిన హరిసర్వోత్తమరావు గారు సంఘానికి అధ్యక్షులై 1960లో పోయేదాకా దాన్ని మోశారు. అయ్యంకి తర్వాతి తరంలో పాతూరి నాగభూషణం గారు 1935లో గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ ఎక్కినవాడికి ప్రయాణం పొడుగునా చేతిలో పుస్తకం ఉంటుంది. రేవు రేవుకీ పుస్తకాలు వెళ్తాయి. మా అమ్మాయికి అన్నిటికన్నా నచ్చింది ఈ పడవే. మెట్రోలో కూడా అలా పెట్టొచ్చు కదా అంది.

స్వరాజ్యం వచ్చాక వీళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నది దొరికింది. 1948లో మద్రాసు రాష్ట్రంలో ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది, 1960లో ఆంధ్రప్రదేశ్‌కి సొంత చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఊళ్లో మీ ఇంటికి పన్ను కడుతుంటే రసీదు ఓసారి చూడండి, ఆ పద్దు కనిపిస్తుంది. గ్రంథాలయాలకి ఇది నిలకడైన ఆదాయం, కాదనను. అయితే అది సర్కారు పని అయినప్పటి నుంచి ఊరి పని కాకుండా పోయిందని నా అభిప్రాయం. కప్పు కారితే పన్ను కట్టాంగా అంటాం.

అయ్యంకి మాత్రం చట్టం వచ్చిందని ఇంట్లో కూర్చోలేదు. ప్రకృతి వైద్యం మీద మక్కువ పెంచుకుని దాన్నీ ప్రచారం చేశారు, గ్రంథాలయాలనీ వదల్లేదు. 1972లో పద్మశ్రీ వచ్చేసరికి ఆయనకి ఎనభై దాటాయి. 1979లో కన్నుమూశారు. గ్రంథాలయోద్యమ పితామహుడన్న పేరు మిగిలింది. కానీ చదువుకున్న తెలుగువాళ్లలో ఆయన ఫోటో చూసి గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

ఇప్పుడు ఫోన్ సంగతికి వస్తాను. తెలుగు పాత పుస్తకాలు ఇంటర్నెట్లో ఉన్నాయన్నది నిజం. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి అమెరికా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్న రాజ్‌రెడ్డి గారి పది లక్షల పుస్తకాల పథకం వల్ల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇవాళ ఉచితంగా దొరుకుతాయి. మహోపకారం అది. కానీ ఎప్పుడైనా వెతికారా? పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. కొన్నిటికి రచయిత పేరు తప్పు, కొన్నిటికి పేజీలు లేవు. అచ్చు బొమ్మలాగా ఉంటుంది కాబట్టి చాలావాటిలో లోపలి మాట వెతికితే దొరకదు. ఓ పుస్తకం కోసం నేను మూడు రాత్రులు వెతికి, చివరికి దాన్ని వేరే పుస్తకం పేరు కింద పట్టుకున్నాను. పుస్తకం ఉంది, దాన్ని చేతికిచ్చే మనిషి లేడు. 1914లో అయ్యంకి ఎదుర్కొన్న ఇబ్బందీ ఇదే.

ఖతర్ లైబ్రరీలో యంత్రం పుస్తకాన్ని సర్దుతుంది కానీ, మా అమ్మాయికి ఏ పుస్తకం నచ్చుతుందో కనిపెట్టి తెచ్చి ఇచ్చింది అక్కడ పనిచేసే ఒక అమ్మాయే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి క్యాంపు రూముకి చేరే మన నిజామాబాద్, కరీంనగర్, గోదావరి జిల్లాల తమ్ముళ్లకి ఆ మెట్రో స్టేషన్ చాలా దూరం. సభ్యత్వం ఉచితమే, టైమే దొరకదు. అయ్యంకి ఇక్కడ ఉంటే ముందు ఆ క్యాంపులకే పెట్టె మోసుకెళ్లేవారని నా నమ్మకం. శుక్రవారం ఒక పెట్టె నిండా తెలుగు పుస్తకాలు తీసుకెళ్లడానికి పెద్ద ఖర్చేం కాదు, మేమే ఇన్నాళ్లూ చేయలేదు.

ఇదంతా కాస్త కుదించి మా గ్రూపులో పెట్టాను. హాలు కావాలన్న బాబాయి ఒకాయన చప్పట్ల బొమ్మ పెట్టి, ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగారు. కప్పు వేయించడానికి లక్షలు అయినా సర్దుకుంటాం, సాయంత్రం రోజూ తలుపు తీసి కూర్చునేదెవరు అని. రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. మూడోరోజు ఊరి నుంచి, మా చిన్నప్పుడు మా యూనిఫాంలు కుట్టిన టైలర్ మామయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు. కళ్లు మందగించి మిషను మానేశానని, ఐదు నుంచి ఎనిమిది దాకా ఊరికే అరుగు మీద కూర్చునే బదులు అక్కడ కూర్చుంటానని, తాళం తనకివ్వమని. ఫ్యాను మాత్రం బాగుచేయించమన్నాడు. ఫ్యాను డబ్బులు నిన్న పంపాను. కప్పు సంగతి ఈ శుక్రవారం తేలుస్తాం.