దీపధారిణి ఫ్లారెన్సు నైటింగేలు

వ్యాధిని కుదుర్చునది ఔషధము. కాని తగిన రోగికి, తగిన వేళకు, తగిన మోతాదులో చేరనిచో ఆ ఔషధమే విషమగును. వైద్యుడు మందును నిర్ణయించి వెడలిపోవును. దానిని రోగికి అందించు చేయి నర్సుది. ఆ చేతికి జ్ఞానమును, క్రమశిక్షణమును నేర్పుటకై జీవితమును ధారవోసిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. వారు ఆ నగరము పేరే బిడ్డకు పెట్టిరి. తండ్రి స్వయముగ ఆమెకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రమును బోధించెను. గణితమునందు ఆమెకు మిక్కిలి ఆసక్తి.

రోగులకు పరిచర్య చేయవలెనను కోరిక ఆమె హృదయమున చిన్నతనముననే నాటుకొనెను. 1845లో ఆసుపత్రికి పోయి పని నేర్చుకొందునని ఆమె కోరగా తల్లిదండ్రులు సమ్మతింపలేదు. ఆ కాలమున ఇంగ్లండులో నర్సుపని గౌరవప్రదమైనది కాదు. చదువు సంధ్యలు లేనివారును, మద్యపానమునకు అలవాటుపడినవారును పెక్కుమంది ఆ వృత్తిలో ఉండిరి. అట్టివారి చేతులలో రోగుల ప్రాణములు ఉండెడివి. ఈ దుస్థితియే ఆమె సంకల్పమును దృఢపరచెను. 1851లో ఆమె జర్మనీలో రైను నది ఒడ్డుననున్న కైజర్సువెర్తు ఆసుపత్రికి పోయి, సుమారు మూడు మాసములు శిక్షణ పొందెను. గాయములకు కట్లు కట్టుటయు, మందులిచ్చుటయు, మరణోన్ముఖులకు సేవ చేయుటయు అచ్చట అభ్యసించెను.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు టర్కీ పక్షమున రష్యాతో యుద్ధమునకు దిగెను. క్రిమియాలో గాయపడిన ఆంగ్ల సైనికులను ఓడలలో టర్కీలోని స్కుటారి పట్టణమునకు చేర్చుచుండిరి. అచ్చటి ఆసుపత్రి దుస్థితిని పత్రికలలో చదివి ఇంగ్లండు ప్రజలు తల్లడిల్లిరి. ప్రభుత్వమున యుద్ధకార్యదర్శియైన సిడ్నీ హెర్బర్టు కోరికపై నైటింగేలు 38 మంది నర్సులతో అక్టోబరు 21వ తేదీన బయలుదేరి, నవంబరు మొదటి వారమున స్కుటారి చేరెను.

ఆ ఆసుపత్రిలో మురుగు నిలిచి దుర్గంధము వెలువడుచుండెను. పడకలు చాలవు, వస్త్రములు చాలవు. అయినను సైనిక వైద్యులు ఈ స్త్రీలను ఆదరింపలేదు. అపుడు నైటింగేలు కఠినమైన నియమమొకటి చేసెను. వైద్యుడు పిలువనిదే ఏ నర్సును రోగియొద్దకు పోరాదు. వైద్యుని వ్రాతమూలకమైన ఆజ్ఞ లేనిదే రోగికి ఆహారమైనను ఈయరాదు. ఎదుట రోగులు మూల్గుచుండగా చేతులు ముడుచుకొని యుండుట నర్సులకు దుర్భరమాయెను. అయినను ఆమె నియమమును సడలింపలేదు. వైద్యుల విశ్వాసమును పొందనిదే రోగులకు స్థిరమైన మేలు చేయజాలమని ఆమె యెరుగును. కొలది దినములలోనే ఇంకర్మన్ యుద్ధమున గాయపడినవారు వెల్లువవలె వచ్చిపడిరి. వైద్యులే నర్సులను పిలిచిరి.

రాత్రులందు ఆమె దీపము చేతబూని రోగుల మధ్య తిరిగి, ఒక్కొక్కరిని పరికించి చూచుచుండెను. అందువలన ఆమెకు దీపధారిణి యను పేరు వచ్చెను. 1855 మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘము వారు మురుగుకాలువలను బాగుచేయించిన పిదప మరణములు మిక్కిలి తగ్గినవి. గాయములకంటె వ్యాధులచే మరణించిన సైనికులే అధికులని ఆమె తరువాత లెక్కలు కట్టి నిరూపించెను.

1856లో ఆమె స్వదేశమునకు మరలెను. 1859లో నోట్స్ ఆన్ నర్సింగ్ అను గ్రంథమును ప్రకటించెను. మందులిచ్చినంత మాత్రమున పరిచర్య పూర్తికాదనియు, మంచి గాలి, వెలుతురు, శుభ్రత, తగిన ఆహారము సమకూర్చుట నర్సు ధర్మమనియు అందు బోధించెను. వైద్యుడు ఒకప్పుడు వ్రాసియిచ్చిన పాదరసపు మాత్రలను తోచినవారికెల్ల ఇచ్చు గృహిణులను ఆమె మందలించెను. రోగి బాగుగ నిద్రించెనా యని అడుగక, ఎన్ని గంటలు, ఏయే వేళల నిద్రించెనో అడుగవలెనని నేర్పెను. బాగుగ అను మాటకు ఒక్కొక్కరి భావము ఒక్కొక్క రీతి. గంటల లెక్క యెల్లరకును ఒక్కటే.

ప్రజలు కృతజ్ఞతతో ఆమె పేర సమకూర్చిన నిధితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల శిక్షణశాల వెలసెను. తొలుత 15 మంది చేరిరి. మద్యము ముట్టకుండుట, సత్యము పలుకుట, వేళ తప్పకుండుట, పరిశుభ్రముగ ఉండుట వారికి విధులు. నాడి, చర్మము, ఆకలి, నిద్ర మొదలగువానిని పరికించుటయు, ఆహారమువలనను మందులవలనను రోగియందు కలుగు మార్పులను గుర్తించుటయు వారు నేర్వవలసి యుండెను. మందు ఇచ్చిన పిదప అది యేమి చేసెనో కనిపెట్టి, యథార్థముగ వైద్యునికి తెలుపుటయు నర్సు పనియే అయ్యెను.

ఆమె తరువాతి కాలమున మందులు పెరిగినవి. వానితోపాటు జాగ్రత్తలును పెరిగినవి. నేడు నర్సింగు విద్యార్థులకు ఐదు సూత్రములు నేర్పుచున్నారు. రోగి సరియైనవాడా? మందు సరియైనదా? మోతాదు సరియైనదా? సమయము సరియైనదా? ఇచ్చు మార్గము, అనగా నోటి ద్వారమా, సూదిమందా, అదియును సరియైనదా? సీసాపై చీటీని తీయునపుడును, మందు కొలుచునపుడును, సీసాను తిరిగి పెట్టునపుడును చదువవలెను. రోగి పేరు అడిగి రూఢి చేసికొనవలెను. ఇచ్చిన వెంటనే పుస్తకమున వ్రాయవలెను, ఈయకమునుపు వ్రాయరాదు. పొరపాటు జరిగినచో దాచక తక్షణమే తెలుపవలెను. దాచిన పొరపాటు ప్రాణములు తీయును. తెలిపినచో చికిత్సకు అవకాశముండును. నైటింగేలు కోరిన సత్యసంధత ఇచ్చటనే అక్కరకు వచ్చును.

ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచ్చటి ప్రజారోగ్యమును గూర్చి పెక్కు సంవత్సరములు కృషి చేసెను. గోదావరిపై ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ అభిప్రాయములను ఆదరించెను. దీర్ఘకాలము అనారోగ్యముచే మంచము పట్టియు ఆమె వ్రాత పని మానలేదు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదమును పొందిన తొలి మహిళ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన, తన 90 సంవత్సరముల వయస్సున, ఆమె కన్నుమూసెను.

ఆమె జన్మదినమును నేడు ప్రపంచమంతట నర్సుల దినముగ జరుపుకొనుచున్నారు. దయగల హృదయమునకు తెలివియు, జాగ్రత్తయు, సత్యమును తోడైనపుడే రోగికి రక్షణ కలుగునని ఆమె జీవితము మనకు బోధించుచున్నది.