జీతం వదులుకున్న కాపరి

ఇంగ్లండు దక్షిణ తీరంలో టీన్ నది సముద్రంలో కలిసేచోట టిన్‌మత్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. 1820లలో డార్ట్‌మూర్ కొండల గ్రానైటు రాయి ఈ రేవులోనే ఓడలకెక్కి లండనుకు వెళ్లేది. 1829లో ఆరోగ్యం బాగుచేసుకోవడానికి ఒక ప్రష్యా యువకుడు ఈ ఊరు వచ్చాడు. ఆయనే మనమెరిగిన జార్జి ముల్లర్.

1805లో పుట్టిన ముల్లర్ బాల్యం మెచ్చుకోదగినది కాదు. తండ్రి సొమ్మే దొంగిలించేవాడు. పదహారేళ్ల వయసులో సత్రంలో బసచేసి, డబ్బు కట్టలేక జైలుపాలయ్యాడు. దైవసేవకుడు కావాలని తండ్రి హాలే విశ్వవిద్యాలయానికి పంపిస్తే అక్కడా త్రాగుడే, పేకాటే. 1825లో ఒక విశ్వాసి ఇంట జరిగిన ప్రార్థన కూడికకు స్నేహితునితో వెళ్లాడు. మోకాళ్లూని ప్రార్థించిన ఒక సహోదరుణ్ణి చూసి ఆయన హృదయం కరిగింది. ఆ రాత్రి నుండి ఆయన బ్రతుకు మారింది.

1830లో టిన్‌మత్‌లోని ఎబెనెజరు మందిరానికి కాపరి అయ్యాడు. ఏడాదికి 55 పౌండ్ల జీతం. అది బల్లల అద్దె నుండి వచ్చేది. ఎక్కువ కట్టగలిగినవారికి మంచి స్థలం, పేదలకు మిగిలిన స్థలం. యాకోబు పత్రిక రెండవ అధ్యాయం చదివిన ముల్లర్‌కు ఇది సరికాదనిపించింది. అదే సంవత్సరం అక్టోబరు 7న మేరీ గ్రోవ్స్‌ను పెండ్లాడాడు. ఆ నెల ముగిసేలోగా జీతం వదులుకున్నాడు. ఇష్టమైనవారు కానుక వేయడానికి మందిరంలో ఒక పెట్టె పెట్టించాడు. కొత్త కాపురం, చేతిలో డబ్బు లేదు. అయినా భార్య ఆయన పక్షాన నిలిచింది.

1832లో దంపతులు బ్రిస్టల్ రేవు నగరానికి వెళ్లారు. ఆ ఏడే అక్కడ కలరా వ్యాపించింది. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలో అనాథ బాలికలకు ఇల్లు తెరిచారు. 1849లో ఆష్లీ డౌన్ మీద మొదటి పెద్ద భవనం, 1870 నాటికి అయిదు భవనాలు, రెండువేల మందికి పైగా పిల్లలకు చోటు! మొత్తం మీద పదివేల మందికి పైగా అనాథలు ఆయన నీడన పెరిగారు. ఎవరినీ చేయిచాచి అడగలేదు. వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, ఏటేటా నివేదిక అచ్చువేయించాడు. 1898 మార్చి 10న ప్రభువు నందు నిద్రించాడు. లక్షల పౌండ్లు ఆ చేతుల మీదుగా సాగినా తనకంటూ కూడబెట్టుకున్నది స్వల్పమే.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో ఓడ ఎక్కిన బౌడెన్, బీర్ దంపతులే మచిలీపట్నం వచ్చి, పిమ్మట నరసాపురంలో గోదావరి డెల్టా సువార్త పరిచర్యను మొదలుపెట్టారు.

ప్రియులారా, నేడు మన మందిరాల్లో బల్లలకు అద్దె లేదు. కానీ ముందు వరుస కుర్చీలు ఎవరికోసం ఖాళీగా ఉంచుతున్నాం? పెద్ద కానుక తెచ్చినవారికి ఒక పలకరింపు, కూలి డబ్బులో నుండి పదిరూపాయలు వేసిన తల్లికి మరొక పలకరింపు ఉందా? సంఘపు సొమ్ముకు లెక్క అడిగితే మనకు కోపం వస్తుందా? విశ్వాసమంటే అడగకుండా పొందడం మాత్రమే అనుకుంటే ముల్లర్‌ను సగమే చదివినట్లు. పేదవాణ్ణి గౌరవించడం, పైసా పైసాకూ లెక్క చెప్పడం మిగిలిన సగం. ఆ సగం కూడా మనం నేర్చుకుందాం.