జిట్కాలా షా చరిత్రము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున విద్యామహిమను గూర్చి పలువురు వ్రాయుదురు. నేను మాత్రము చదువు వలన తల్లికి దూరమై, ఆ చదువుతోనే తన జాతి పక్షమున నిలిచి పోరాడిన ఒక స్త్రీ చరిత్రమును చదువరులకు విన్నవింపగోరుచున్నాను.

ఈమె అమెరికా ఆదిమవాసులలో డకోటా జాతికి చెందినది. 1876లో, నేటి దక్షిణ డకోటా రాష్ట్రమున మిస్సూరి నది చెంతనున్న యాంక్టన్ తెగవారి భూమిలో జన్మించెను. తండ్రి తెల్లజాతివాడు; సంసారమును విడిచిపోయెను. తల్లియే పెంచెను. పగలు తల్లి కడ పూసల కుట్టుపని నేర్చుచు, రాత్రులందు పెద్దలు చెప్పు కథలు వినుచు ఆ బాలిక పెరిగెను.

1884లో ఇండియానా నుండి క్వేకరు మతబోధకులు వచ్చి, ఎఱ్ఱని ఆపిలు పండ్లను, రైలుబండి ప్రయాణమును చెప్పి పిల్లలను ఆశపెట్టిరి. తల్లికి మనసొప్పలేదు. కాని భూములు లాగికొన్న తెల్లవారు ఆ ఋణమునకు బదులుగా చదువైనను ఇచ్చుచున్నారు గదా, రాబోవు కాలమున అది లేక బిడ్డకు బ్రతుకు లేదు గదా యని తలపోసి, ఎనిమిదేండ్ల పిల్లను పంపెను.

వాబాష్ పట్టణమందలి ఆ వసతి పాఠశాలలో చేరగానే జడలు కత్తిరించిరి. మనలో పుట్టువెండ్రుకలు తీయించుట వేడుక, దేవునికి తలనీలాలిచ్చుట పుణ్యము. డకోటావారిలో నట్లు కాదు. చనిపోయినవారికై దుఃఖించువారికి, యుద్ధమున శత్రువుకు చిక్కిన పిరికివారికి మాత్రమే జుట్టు కురచ చేయుదురు. మంచము క్రింద దాగిన బాలికను వెలికిలాగి, కుర్చీకి కట్టి ఆ పని చేసిరి. ఏ తప్పునకు ఈ అవమానమో ఆ పసిదానికి తెలియలేదు. అటుపిమ్మట గంట కొట్టిన లేచుట, గంట కొట్టిన తినుట, తెలియని భాషలో మందలింపులు.

మూడేండ్లకు ఇల్లు చేరెను. అసలు దుఃఖము అచ్చటనే మొదలయ్యెను. కూతురు చదివినది, తల్లి బడి గడప త్రొక్కి యెరుగదు. బిడ్డ యేడ్చుచుండగా ఎట్లోదార్చవలెనో తెలియక, ఒక మతబోధకుడు తనకిచ్చిన బైబిలును తెచ్చి యామె చేతిలో పెట్టెను. అక్షరములు వచ్చిన కూతురికి గ్రంథమే ఊరటయగునని ఆ తల్లి యమాయికముగా నమ్మినది. కూతురికో, దానిని కాల్చివేయవలెనన్నంత కోపము వచ్చెను. ఆ రాత్రి తల్లి కొండల నడుమకు పోయి, చనిపోయిన తన సోదరులను పిలుచుచు విలపించుట ఆమె చెవినబడెను. పుస్తకములను ప్రేమించు మనము ఈ ఘట్టమును మరువరాదని నాకు తోచును.

1891లో తిరిగి ఆ బడికే పోయెను. 1895లో ఎర్ల్‌హామ్ కళాశాలలో చేరి, మరుసటి యేట రాష్ట్ర వక్తృత్వ పోటీలో, తన జాతిస్త్రీలను హేళన చేయు జెండాను సభలో ఎత్తియుండగనే, రెండవ బహుమతి గెలిచెను. ఫిడేలు కూడ చక్కగా నేర్చెను. 1897లో కార్లైల్ పాఠశాలలో ఉపాధ్యాయిని యయ్యెను. దానిని 1879లో పాత సైనికశిబిరమున స్థాపించిన ప్రాట్ దొర, ఆదిమజాతి స్వభావమును చంపిన గాని మనిషి బాగుపడడని నమ్మినవాడు. క్రొత్త పిల్లలను తెచ్చుటకు ఆయన ఈమెను స్వగ్రామమునకే పంపెను. పోయి చూచిన, తల్లి యిల్లు కురియుచుండెను. అన్యాయమును ప్రశ్నించిన అన్న ఉద్యోగము పోయెను. చుట్టును తెల్లవారు స్థిరపడుచుండిరి.

మనసు విరిగి ఆ కొలువు వదలెను. లకోటా భాషలో ఎఱ్ఱని పిట్ట యను అర్థమిచ్చు జిట్కాలా షా పేరు తానే పెట్టుకొని, 1900లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో తన బాల్యమును, బడిని ఇంగ్లీషుననే వ్రాసెను. చిన్ననాట విన్న కథలను 1901లో గ్రంథముగా వెలువరించెను. భారతమున కచుడు శత్రువుల గురువు నాశ్రయించి మృతసంజీవని నేర్వగా, అది అతనికి ఫలింపకుండునట్లు దేవయాని శపించెను. అతడు నేర్పినవారికి మాత్రము ఫలించునది. ఈమె విద్యయు నట్టిదే. తల్లి ముందది పనికిరాలేదు, జాతికి పనికివచ్చెను.

1902లో రేమండ్ బానిన్‌ను వివాహమాడి యూటాలో కాపురముండెను. 1913లో సూర్యనృత్యమును గూర్చి సంగీతనాటకము రచించుటలో పాలుపంచుకొనెను. తరువాత వాషింగ్టన్ చేరెను. 1924లో మరి యిద్దరితో కలిసి ఓక్లహోమా భూముల మోసములను బయటపెట్టిన నివేదిక నన్ను మిక్కిలి యాకర్షించినది. చమురు భూములు గల ఆదిమవాసుల మైనరు పిల్లలకు కోర్టులు గార్డియనులను నియమింపగా, ఆ గార్డియనులే ఆస్తిని మ్రింగిరి. దస్త్రములలో అంతయు సక్రమముగా కనబడుచునే యిల్లు గుల్లయగుట ఎట్లో, లెక్కలు వ్రాయు నావంటివానికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యేడే ఆదిమవాసులకందఱకు పౌరసత్వము చట్టమయ్యెను. 1926లో ఆమె భర్తతో కలిసి అమెరికా ఆదిమవాసుల జాతీయ మండలిని స్థాపించి, తుదివరకు దాని యధ్యక్షురాలుగా నుండెను. 1938 జనవరి 26న వాషింగ్టన్‌లో మరణించెను.

ఆ బడుల ఫలము ఆమెతో ముగియలేదు. తల్లిదండ్రుల పెంపకమెరుగక శిబిరములలో పెరిగినవారికి, తమ బిడ్డలను పెంచుట తెలియలేదు. భాష పలికిన దెబ్బలు తిన్నవారు దానిని తమ పిల్లలకు చెప్పుటకు జంకిరి. అమెరికా ప్రభుత్వము 2024లో వెలువరించిన నివేదికలో అట్టి పాఠశాలలు 417 అనియు, వానిలో మరణించిన పిల్లలు 973 మందికి తక్కువ కాదనియు తేల్చెను. ఆ యేడు అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పెను.

ఆ సంవత్సరమే ఆమె బొమ్మతో ఇరువదియైదు సెంట్ల నాణెము ముద్రించిరి. దానిపై ఆమె యాంక్టన్ దుస్తులు ధరించి, చేత పుస్తకము పట్టుకొని యున్నది. ఆ బొమ్మలో ఒక పిట్ట కూడ కలదు.